లాటిను కెక్కిన కోడిపుంజు



నేటి నా ప్రసంగమునకు విషయము ఒక చేప. బడిపంతులుగ జీవితము గడపి, వ్యాకరణమును నిఘంటువులను తిరుగవేసిన వృద్ధుడు చేపను గుఱించి మాటలాడుట యేమని మీలో కొందఱికి నవ్వు రావచ్చును. అమరకోశములోని వారివర్గమును నేను చాలమంది బాలురచేత వల్లె వేయించితిని. రోహితము, మద్గురము, శకులము, రాజీవము, తిమి, తిమింగిలము అని వారు గడగడ నప్పగించుచుండగా విని సంతోషించితిని. కాని వారిలో నొక్క బాలుడు లేచి, ‘అయ్యా, మద్గుర మనగా నేది? మొన్న సంతలో చూచితిమే, అదియేనా?’ అని యడిగియుండినచో నా యొద్ద బదులు లేకపోయెడిది. మన నిఘంటువులు మాత్రము మేలా? చేప పేరు వచ్చినచోట ‘మత్స్యవిశేషము’ అని వ్రాసి ముందునకు సాగిపోవును. విశేష మేమో చెప్పక విశేష మనుట మావంటివారి యలవాటు.

ఆ విశేషమును చెప్పగలవారు వేఱే యుండిరి. వారు చదువెఱుగరు, సముద్రముమీద బ్రదుకువారు. 1780వ దశకమున విశాఖపట్టణపు టొడ్డున వల లాగి, అందు పడిన యొక్కొక్క చేపను చూపి ‘ఇది ఫలానా’ అని చెప్పినవారు. వారి పేళ్లు చరిత్రలో లేవు. వారు చెప్పిన మాటలు మాత్రము లండనులో నచ్చుపడి, పారిసులో చదువబడి, జావాద్వీపములోని బటేవియానగరమున మరల వ్రాయబడి, నేటికిని జంతుశాస్త్రగ్రంథములలో లాటిను వేషము వైచుకొని యున్నవి. అట్టి మాటలలో నొకటి కోడిపుంజు. దాని కథయే నేను మీకు విన్నవింపబోవుచున్నది.

మొదట నా చేపను మీకు చూపవలెను. చెవులకే గాని కన్నులకు పనిలేని యీ రేడియోలో చూపుట యెట్లు? మాటలతోనే ప్రయత్నించెదను. జానెడు మొదలుకొని అడుగుదాక పొడవుగల చేప నొకదానిని తలచుకొనుడు. దాని యొడలినిండ ఎఱుపు, గోధుమవన్నె, తెలుపు నిలువుచారలు సన్నములును వెడల్పులును కలిసి యుండును. రెండు ప్రక్కలనున్న రెక్కలు విప్పినచో విసనకఱ్ఱలవలె నగును. వాని పుల్లల చివరలు విడివిడిగ సాగి యీకలవలె వ్రేలాడును. వీపుమీద 13 ముండ్లు, ఒక్కొక్కటి పలుచని చర్మపుతొడుగుతో, గాలికి నిక్కిన తురాయివలె నిలుచును. కన్నులమీద చిన్న పోగులుండును. ఇంత యాడంబరముగల జంతువునకు పరుగు చేతకాదు. ఊరేగింపులో దేవుని పల్లకివలె మెల్లగ కదలును. తఱచు రాతిసందులలో తలక్రిందుగ నైనను వ్రేలాడుచు పగలు గడపి, ప్రొద్దు వాలినపిదప వేటకు బయలుదేఱును. రెక్కలు రెండును విప్పి, చిన్న చేపలను మూలకు తరిమి, కనుఱెప్పపాటులో నోరు తెఱచి లోనికి పీల్చుకొనును.

ఇట్టి చేపలు హిందూమహాసముద్రమునను, శాంతమహాసముద్రపు పడమటిభాగమునను, ఉష్ణతీరములందు పగడపుదిబ్బల నాశ్రయించి యున్నవి. వాని కులమునకు శాస్త్రనామము టెరోయిస్. విశాఖతీరపు జాతికి పగడమే కావలెనను నియమము లేదు. మఱుగైన తీరజలములలో, బురదనేలయందుకూడ నుండును. తక్కిన ముఖ్యజాతులకు వెనుకటి రెక్కలమీదను తోకమీదను చుక్క లుండగా దీనికి ఆ చుక్కలు లేవు. ఈ చిన్న భేదమును మఱవకుడు. కథలో దానికి పని గలదు.

అందము చెప్పితిని. ఇక విషము. వీపుమీది 13 ముండ్లును, పొట్టక్రింది రెండు రెక్కలలో నొక్కొక్కటియు, తోకకు దాపున అడుగురెక్కలో 3 ముండ్లును కలిసి 18 ముండ్లకు విషము కలదు. ఒక్కొక్క ముంటికి రెండు గాళ్లు, గాళ్లలో విషపుగ్రంథి, పైన చర్మము. ముల్లు దిగినప్పుడు చర్మము వెనుకకు జాఱి, గ్రంథి చితికి, విషము గాయములో చేరును. బాధ యసహ్యము. చావు మాత్రము మిక్కిలి యరుదు. ఓర్చుకొనగలిగినంత వేడినీటిలో గాయమును ముంచి యుంచుట నేటి వైద్యులు చెప్పు ప్రథమోపచారము. ఆపైన వైద్యునియొద్దకు పోవలెను. వేడినీ రెందుకన్నచో, ఆ విషము కోడిగ్రుడ్డు తెల్లసొనవంటి మాంసకృత్తు. వేడికి దాని కట్టు చెడును.

ఇక పేళ్ల చరిత్ర. తూర్పుదీవుల చేపల సొగసు ఐరోపావారికి మొదట తెలిసినది ఓలందావారివలన. అంబోయినా దీవిలో ఓలందా కంపెనీ కొలువునందున్న ఫాలూర్సు అను నతడు చేపల చిత్రములు వ్రాయగా, రెనార్డు అనువాడు 1719లో ఆంస్టర్డాములో వానిని రంగులతో పుస్తకముగ వెలువరించెను. ఆ రంగులను చూచినచో కన్నులు చెదరును. చిత్రకారుడు కొన్ని చేపల వీపులమీద సూర్యచంద్రులనుకూడ వ్రాసినట్లు తోచును. పుస్తకము చివర ఒక మత్స్యకన్యయు గలదు. దానిని తొట్టిలో పెట్టి నాలుగు దినములు పెంచినట్లు చెప్పుకొనిరట. చూచినదానికి చూడనిదానిని కలుపుట కవులకే చెల్లునని మన మనుకొందుము గాని, ప్రకృతిశాస్త్రమును తన బాల్యములో నట్లే యుండెను.

స్వీడను దేశపు లిన్నేయసు 1758లో తన గ్రంథపు పదియవ కూర్పునందు అంబోయినానుండి వచ్చిన యీ కులపు చేపకు ‘గాస్టెరోస్టియస్ వోలిటాన్స్’ అని పేరుపెట్టెను. వోలిటాన్స్ అనగా ఎగురుచున్నది. అది యెగురదు. ఆయన దానిని సజీవముగ చూచియుండలేదు. అంత పెద్ద రెక్కలు చూచి యెగురునని యూహించెను కాబోలు. ఐరోపాలోని యేఱులలో నుండెడు వ్రేలెడు ముండ్లచేపతో దీనిని జతపఱచుటయు అట్టి యూహయే. 1817లో జర్మనీపండితుడు ఓకెన్ దీనికి ప్రత్యేకకుల మేర్పఱచి టెరోయిస్ అనెను. అది గ్రీకులో రెక్కను, ఈకను తెలుపు మాటనుండి పుట్టినది. ఇంగ్లీషువారు సింహచేప, అగ్గిచేప అనుటయే కాక సీమకోడిచేప యనియు నందురు. చూడుడు! ఒకరి నొకరు సంప్రదింపకయే యింతమంది చేపలో పక్షిని చూచిరి. కాని యీక మాత్రమే చూచిరి. మన విశాఖ జాలరులు దీనిని కోడిపుంజనిరి. పుంజునకు మెడమీద రంగురంగుల యీకలు గలవు. కాలికి ముల్లు గలదు. సంక్రాంతికి ఆ కాలికి కత్తికూడ కట్టుదురు. అందమును అపాయమును ఒక్క మాటలో నిమిడ్చిన పేరు ఇదియొక్కటే యని నా మతము. పక్షపాత మందురా, అననిండు.

ఆ మాటను వ్రాసి పెట్టినవాడు పాట్రికు రస్సెలు. ఈయన 1726 ప్రాంతమున ఎడింబరో నగరమున జన్మించిన వైద్యుడు. యౌవనమంతయు సిరియాదేశములోని అలెప్పో నగరమున గడపి, మహామారి ప్రబలినప్పుడు రోగుల నడుమ నుండి చికిత్స చేసి, 1791లో మహామారినిగూర్చి పెద్దగ్రంథము వ్రాసిన ఘనుడు. తమ్ముడు క్లాడు రస్సెలు కంపెనీవారి యుద్యోగిగ విశాఖపట్టణమునకు రాగా, ఆయనకు తోడుగ నితడును ఏబదియేండ్లు దాటిన వయస్సున, 1780వ దశకపు టారంభమున, మన తీరము చేరెను. అప్పటికి కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడు కోయినిగు అనునాతడు. ఆయన 1785లో కాకినాడ దాపున జగన్నాథపురమున మరణించెను. ఆ పదవి రస్సెలున కిచ్చిరి. 1789లో రస్సెలు స్వదేశమునకు పోగా ఆ పని సామర్లకోటలో తోటలు పెంచుచుండిన రాక్సుబరో చేతికి వచ్చెను. ఒకరి వెంట నొకరుగ ముగ్గురు వైద్యులు, ముగ్గురికిని గోదావరి మొదలు విశాఖ వఱకు గల యీ తెలుగుతీరముతో సంబంధము గలదు. రస్సెలు, రాక్సుబరోల పుస్తకములలో తెలుగుమాట లంత దట్టముగ నుండుటకు కారణ మిదియే.

రస్సెలు మొదట పట్టుకొన్నది పాములను. ఏ పాము విషము గలది, ఏది లేనిది యని సామాన్యజనులు గుర్తింపగలిగినచో అనేకుల ప్రాణములు దక్కునని ఆయన తలంపు. కాటు తీవ్రతను తెలిసికొనుటకై కుక్కలను, కోళ్లను కఱపించి చూచెను. పాపము, కోళ్లు! 1796లో ఆ గ్రంథ మచ్చుపడెను. అందు పాములకు వాడిన పేళ్లు తెలుగువి. ఒక పాముపేరు ‘కాటుక రేకుల పొడ’. వీపుపొడవున మూడు వరుసలుగ, కాటుక దిద్దిన కంటిరేకులవంటి మచ్చలుగల పొడపామున కంతకంటె నిండైన వర్ణన యేది? ఎవ్వడో పాములవాడు చెప్పిన యా మూడు మాటలకు సాటివచ్చు సమాసము కూర్చుటకు నావంటివాడు రాత్రియంతయు దీపము కాల్చవలయును. కాని లోకములో దాని పేరు నేడేమి? రస్సెలుపాము. 1797లో ఇంగ్లీషుపండితులు ఆ వైద్యుని గౌరవించుటకై అట్లు పెట్టిరి. మఱియొక పాము ‘బంగారుపాము’. దానిపేరు మాత్రము నిలిచినది. ఫ్రెంచిపండితుడు డోడెన్ 1803లో కట్లపాముల కులమునకంతకు ‘బంగారస్’ అని పేరుపెట్టగా, చీనాదేశపు కట్లపాము సయితము నేడు మన తెలుగుబంగారమునే మోయుచున్నది.

పాములపిదప చేపలు. ‘కోరమాండలు తీరమున విశాఖపట్టణమునందు సేకరింపబడిన రెండువందల చేపల వర్ణనములు, చిత్రములు’ అను గ్రంథము 1803లో లండనున రెండు సంపుటములుగ కంపెనీవారి పక్షమున వెలువడినది. చిత్రములు వ్రాసినవాడు మన దేశపు చిత్రకారుడు. అవి రాగిరేకులమీద చెక్కి అచ్చువేసినవి; రంగులు లేవు. రెనార్డు పుస్తకమునకు ఇది సరిగా ప్రతిపక్షము. అందు రంగులు కలవు, చేప లేదు. ఇందు రంగు లేదు, చేప కలదు. ఒక్కొక్క పొలుసు, ఒక్కొక్క ముల్లు లెక్కపెట్టి గీసినట్లున్నది. 133వ చిత్రముక్రింద రోమను లిపిలో ‘కోడిపుంగి’ అను నక్షరము లున్నవి.

ఇచ్చట నొక్క నిమిషము వ్యాకరణము మాటలాడుటకు సెలవిండు. ఆ పుంగి యేమి? మన భాషలో కోడికిని పుంగికిని సంబంధము లేదు. ఇంగ్లీషువారి ‘గ’కారమునకు ఇకారము పరమైనచో తఱచు ‘జ’కారోచ్చారణము కలుగును. నువ్వులకు వారు వ్రాయు జింజిలీ యను మాటలో రెండు జకారములకును వారు వ్రాయునది గకారమే. కనుక రస్సెలు వ్రాసినది పుంగి కాదు, పుంజి. తీరవాసుల యుచ్చారణమున కడపటి యుకారము తేలికగ పలుకబడగా, ఆ పరదేశి చెవికి అది ఇకారముగ వినబడియుండును. ఆయన చెవితో విని వ్రాసినవాడే కాని చూచి వ్రాసినవాడు కాడు. ఆ మాట కోడిపుంజే యని నా నిశ్చయము. ‘తోల్ పారా’ యని యాయన వ్రాసినది తోలుపార యగుటకును ఇట్లే సందేహము లేదు. ఆ చేప చర్మము తోలువలె నుండును, ఇంగ్లీషువారును దానిని తోలుచర్మపుచేప యనియే యందురు.

రస్సెలు గ్రంథములో నొక గొప్ప లోపము గలదు. మనకు అదియే మేలైనది. ఆయన తాను క్రొత్తగ కనిన చేపలకు లిన్నేయసు పద్ధతిని రెండుమాటల లాటినుపేళ్లు పెట్టలేదు. జాలరులు చెప్పిన పేరు చాలు ననుకొనెను. వినయమో, వార్ధక్యమో, తొందరయో చెప్పజాలము. ఆయన 1805లోనే గతించెను. శాస్త్రనియమము ననుసరించి రెండుమాటల పేరు లేనిది పేరే కాదు. అందుచేత ఆ రెండువందల చేపలలో ననేకములు వర్ణింపబడియు పేరులేనివై, ఎవరు ముందు వచ్చి పేరుపెట్టుదురాయని యెదురుచూచుచు నిలిచిపోయినవి.

వచ్చినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సుదేశపు క్యూవియే. ఆయన వాలాన్సియెన్ అను శిష్యునితో గూడి 1828 మొదలు వెలువరించిన చేపల మహాగ్రంథము 22 సంపుటములు. గురువు 1832లో మరణింపగా శిష్యుడు 1849 వఱకు సాగించెను. ఆ గ్రంథమునకు రస్సెలు పుస్తకము ఒక గనివంటిది. క్యూవియే యిట్లు తలచినట్లున్నాడు: ‘పేరు క్రొత్తగ నేల? ఆ దేశపువా రిదివఱకే పెట్టియున్నారు గదా!’ రస్సెలు ‘జెల్లో’ అనినది స్ఫైరీనా జెల్లో ఆయెను. తోలుపార స్కాంబరాయిడెస్ టోల్ ఆయెను. ‘కీల్ పుటా’ యనినది టెరాపాన్ పుటా ఆయెను. ఈ పేళ్లు నేటికిని ప్రమాణములు. ఆఫ్రికాతీరమున తోలుపారను పట్టిన శాస్త్రజ్ఞుడు దానిని సీసాలో పెట్టి పైన ‘టోల్’ అని చీటి యంటించునప్పుడు, అది తోలు అను తెలుగుమాట యని యెఱుగడు. మన మెఱుగుదుమా? నేను అఱువదియేండ్లు దాటువఱకు ఎఱుగను.

కోడిపుంజునకు ఆ యదృష్టము పట్టలేదు. పట్టినట్లే పట్టి జాఱిపోయినది. కథ యిట్లు నడచినది. 1828లో సింహళమునందు కొలువుచేసిన జాన్ విచ్చర్చి బెన్నెట్టు అను దొర అచ్చటి చేపల చిత్రముల పుస్తకములో నీ కులపుచేప నొకదానికి ‘మైల్స్’ అను పేరు పెట్టెను. లాటినులో సైనికుడని యర్థము. అది వేఱుజాతి. 1831లో లండను జంతుశాస్త్రసంఘపు ఎడ్వర్డు టర్నరు బెన్నెట్టు, ఈయన వేఱొక బెన్నెట్టు, రస్సెలు గ్రంథములోని కోడిపుంగిని పరిశీలించి, తోకమీదను వెనుకటి రెక్కలమీదను చుక్కలు లేని యిది వేఱుజాతిగ నెంచి, దానికి పేరు పెట్టెను. ఆ పేరు టెరోయిస్ రస్సెలియై. జాలరి చెప్పిన పేరు పోయి, జాలరినడిగిన దొర పేరు వచ్చెను. పాము విషయమున జరిగినదే మరల జరిగెను. చమత్కార మేమనగా, దొరగారి పేరులో చివర రెండు లకారములుండగా బెన్నెట్టు ఒక్క లకారమే వ్రాసెను; పాముపేరునను ఒక్క లకారమే. మొదట వ్రాసినదానిని మార్చరాదను నియమము చేత ఆ తప్పు నేటికిని నిలిచి గౌరవింపబడుచున్నది. నా బడిలో నైనచో మార్కు తగ్గించియుందును.

ఇరువదియొక్క యేండ్లు గడచెను. బటేవియాలో ఓలందా సేనావైద్యుడు పీటర్ బ్లీకరు, 1842 మొదలు 1860 వఱకు తూర్పుదీవులలో నుండి, బజారులలో చేపలను కొని, సారాయిలో నూరబెట్టి, వర్ణించి వర్ణించి అలసటయెఱుగని మహాపురుషుడు. ఆయన 1852లో ఈ చేపను వర్ణించుచు ‘టెరోయిస్ కోడిపుంగి’ యని నామకరణము చేసెను. బ్రౌనుదొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మదరాసున వెలువడిన సంవత్సరమును అదియే. మన మాటలను బ్రౌను మనదేశమున కూర్చుచుండగా, మన దేశమును చూడని యొక ఓలందావాడు విషువద్రేఖకు దిగువ కూర్చుండి మన కోడిపుంజును లాటినున కెక్కించెను!

కాని పండితలోకమున న్యాయ మేమనగా, ఒకే జాతికి రెండుపేళ్లున్నచో ముందుపుట్టినదే పట్టభద్ర. 1831 ముందు, 1852 వెనుక. కోడిపుంగి యిప్పుడు పర్యాయనామముల జాబితాలో, చెల్లని నాణెమువలె నున్నది. పరిశీలించిన నియమము న్యాయమైనదే. లేకున్న పేళ్ల కంతముండదు. నా మనసు మాత్రము ఒప్పుకొనదు. విశాఖలో ఆ చేపను పట్టి యిచ్చి, వ్రేలు జాగ్రత్త యని హెచ్చరించి, పేరు చెప్పినవాడు 1831కి నలువదియేండ్లకు పైగ ముందువాడు గదా! ఆయనకు అచ్చుయంత్రము లేకపోవుటయే ఆయన చేసిన తప్పు. రస్సెలునకు కీడు తలంపను. ఆయన తన పేరును ఏ చేపకును పెట్టుకొనలేదు. బ్లీకరుకూడ 1849లో మఱియొక చేపకు రస్సెలు పేరే పెట్టి గౌరవించెను. ఆ వైద్యుడు బ్రదికియుండినచో నీ కోడిపుంజు విషయమున ఏమనెడివాడో!

ఈ కులమునకు మన కాలమున నొక దుష్కీర్తి వచ్చినది; దానిని క్లుప్తముగ చెప్పెదను. అద్దాలతొట్లలో చేపలను పెంచు వేడుక అమెరికాలో హెచ్చినది. వోలిటాన్స్ జాతిచేప లక్కడికి కొనిపోబడినవి. 1985లో ఫ్లోరిడా తీరమున డానియావద్ద నొకటి సముద్రమున దొరకెను. 1992నాటి పెనుతుపానులో తొట్టి పగిలి చేపలు సముద్రమున పడినవని యొక కథ ప్రచారమైనది; ఏడేండ్లు ముందే పట్టుబడిన చేప యుండగా ఆ తుపానునే మొదటి కారణ మనుట పొసగదు. పెంచలేక విసిగి విడిచినవారే మూలమని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. 2000 తరువాత అవి బెర్ముడా, బహామాలు, కరిబియను దీవులు నిండినవి. 2014లో బ్రెజిలు తీరమునను కనబడినవి. ఆడుచేప యేటికి 20 లక్షల గ్రుడ్లవఱకు పెట్టునని యంచనా. అక్కడి చిన్నచేపలకు ఈ మెల్లని వేటకాడు శత్రువని తెలియదు. తరతరములుగ చూచినది కాదు. 2008లో వెలువడిన బహామాల పరిశోధనలో, ఈ చేప చేరిన చిన్న పగడపుదిబ్బలయందు క్రొత్తగ వచ్చిచేరు చేపపిల్లలు అయిదువారములలో నూటికి 79 వంతులు తగ్గినవి. సూయెజు కాలువగుండ మైల్స్ జాతి మధ్యధరాసముద్రమున కెక్కినది. 1991లో ఇశ్రాయేలు తీరమున నొకటి కనబడగా, 2012 తరువాత లెబనాను, సైప్రసుల ప్రక్క వానిమంద లేర్పడినవి. ఇప్పుడు అక్కడివారు ముండ్లు కత్తిరించి వండుకొని తినుచున్నారు. మాంసములో విషము లేదు. మన తీరపు రస్సెలియై జాతి మాత్రము ఈ దండయాత్రలో చేరలేదు. పుట్టినచోటనే యున్నది.

ఇక నొక్క ముచ్చట చెప్పి విరమించెదను. కొన్నియేండ్ల క్రిందట భీమునిపట్టణమున బంధువుల యింట నుంటిని. రస్సెలు గ్రంథపు చిత్రములకు ప్రతులు కొన్ని నా సంచిలో నుండెను. సాయంకాలము ఒడ్డున వల బాగుచేసికొనుచున్న యొక ముసలి జాలరియొద్ద కూర్చుండి వానిని చూపితిని. ఆయన చదువుకొన్నవాడు కాడు. కాగితము లొక్కొక్కటి త్రిప్పుచు, పారలను, వంజరములను చూచినంతనే పేరు చెప్పుచుండెను; నేను క్రింది యక్షరములను చూచి సరిచూచుకొనుచుంటిని. రెండువందల యేండ్ల దూరము ఆయనకు లేనేలేదు. 133వది వచ్చినప్పుడు ఆయన వ్రేలు చిత్రముమీదినుండి చటుక్కున వెనుకకు తీసికొనెను. కాగితపుచేప యని మఱచెను కాబోలు. ప్రక్కన నాడుకొనుచున్న మనుమని పిలిచెను.

‘ఒరే గుంటా, ఇలగ రా. దీన్ని బాగా సూసుకో. వల్లో అగుపిస్తే సెయ్యెట్టీకు. కర్రతో తీసి అవతల పడెయ్యాల.’

‘దీని పేరేమి, తాతా?’ అని నేనే యడిగితిని.

‘ముళ్లసేపంటామండి మాస్టారూ. మా పెద్దోళ్లు ఏటనీవోరో నాకు తెల్దు.’

రెండువందల యేండ్ల క్రిందట విశాఖవారు దీనిని కోడిపుంజని చెప్పిరట, ఈ పుస్తకములో నున్నదని చెప్పితిని. ఆయన మరల కాగితము నందుకొని, వెలుతురువైపు త్రిప్పి, చాలసేపు చూచెను. రంగులేని యా చిత్రములో నేమి కనబడెనో, పెదవులు కదిపి నవ్వెను.

‘పుంజే నండి. కత్తి కట్టిన పుంజు.’

ఆ కాగిత మొక్కటి తన కియ్యవలసినదని యడిగెను. ఇచ్చితిని. నాలుగు మడతలు పెట్టి తలపాగలో దోపుకొని, మరల వల చేతికి తీసికొనెను.